లేని సిగ్నలు దగ్గర నాలుగు నిమిషాలు

మార్చి 3, సోమవారం, ఉదయం 6.12

ఈ పుస్తకం మా ఆవిడ కొనిచ్చింది. "పొద్దున లేచిన దగ్గర్నుంచీ నా ప్రాణం తోడేస్తున్నారు. ఏం చెప్పాలన్నా ఇందులో రాసుకోండి. నేను చదవను, ఒట్టు" అంది. చదవదని నాకు తెలుసు. నా దస్తూరీ ఆమెకు అర్థం కాదు.

ఉద్యోగం నుంచి దిగి ఎనిమిది నెలల మూడు రోజులు. ముప్పై ఎనిమిదేళ్ళు ఈ ఊరి బస్సుల టైములు రాశాను. ఏ బస్సు ఎప్పుడు బయల్దేరాలి, స్టాపుకీ స్టాపుకీ మధ్య ఎన్ని నిమిషాలు, చివరి స్టాపులో ఎంతసేపట్లో తిరుగుముఖం పట్టాలి, అన్నీ నా చేతి మీదుగానే వెళ్ళాయి. వచ్చేసేటప్పుడు పటం కట్టి ఇచ్చారు. "ముప్పై ఎనిమిదేళ్ళు, ఒక్క తప్పు లేదు" అని బంగారు రంగు అక్షరాలు. కుర్చీకి ఎదురుగా, సరిగ్గా కళ్ళ ఎత్తుకి వచ్చేలా నేనే మేకు కొట్టాను.

నిద్ర రావడం లేదు. పొద్దున 4.40కి మెలకువ వచ్చేస్తుంది. అది మొదటి బస్సు డిపో దాటే టైము. డాక్టరు రక్తపోటు చూసి, పెదవి విరిచి, విశ్రాంతి తీసుకోవాలన్నారు. ఎంతసేపు అని అడిగాను. ఆయన నవ్వారు. నేను జోక్ వేయలేదు.

నేను లేకపోతే బస్సులు కదలవనుకునేవాణ్ణి. కదులుతున్నాయి. వీధి చివర నుంచి వినపడుతూనే ఉన్నాయి.

మార్చి 4, మంగళవారం, ఉదయం 10.31

విశ్రాంతి మొదలుపెట్టాను. కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. పదకొండు నిమిషాలు. తర్వాత లేచి కుళాయి బిగించాను. అది కారడం లేదు గానీ, కారితే?

మా ఆవిడ మాత్రం మధ్యాహ్నం రెండయ్యేసరికి కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. చేతిలో పుస్తకం ఉండదు, అల్లికా ఉండదు. నలభై నిమిషాలు అలా ఉండిపోతుంది. పెళ్ళైన కొత్తలోనే అడిగాను, ఏం చేస్తున్నావు అని. "కూర్చున్నాను" అంది. ఇప్పుడూ అదే జవాబు. కొందరికి పుట్టుకతోనే బద్ధకం వరంగా దొరుకుతుంది.

మార్చి 6, గురువారం, సాయంత్రం 5.05

వంటింటికి ఒక టైముపట్టిక రాసిచ్చాను. పొయ్యి వెలిగించడం నుంచి చివరి గిన్నె కడగడం దాకా లెక్క వేస్తే రోజుకి యాభై రెండు నిమిషాలు మిగులుతాయి. మా ఆవిడ శ్రద్ధగా చదివింది. "మిగిలినవి ఏం చేసుకోవాలండీ?" అంది.

ఆ కాగితం ఇప్పుడు వేడి గిన్నె కింద ఉంది.

మార్చి 10, సోమవారం, ఉదయం 9.17

ఆఫీసు నుంచి ఫోను! కొత్త మేనేజరు స్వయంగా చేశాడు. ఒక చిక్కు వచ్చింది, మీరు తప్ప ఎవరూ విప్పలేరు సార్ అన్నాడు. రేపు 10.00కి రమ్మన్నాడు.

చొక్కా ఇస్త్రీ నేనే చేసుకున్నాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసి, "పెళ్ళిచూపులకి కూడా ఇంత హడావిడి పడలేదు" అంది.

మార్చి 11, మంగళవారం, మధ్యాహ్నం 1.40

9.56కే వెళ్ళాను. మేనేజరు నా కొడుకు వయసువాడు, నాకు కొడుకుంటే. మర్యాద తెలిసినవాడే గానీ కూర్చోడు. గదిలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ మాట్లాడతాడు. రెండు ఫోన్లు.

సంగతేమిటంటే, ఇప్పుడు ప్రతి బస్సులోనూ ఒక పెట్టె బిగించారు. బస్సు ఏ క్షణాన ఎక్కడుందో అది చెబుతుంది. అన్ని రూట్లలోనూ చివరి స్టాపులో బస్సు రెండు నిమిషాలు ఆగి వెనక్కి తిరుగుతోంది. పదిహేడో నంబరు మాత్రం ఆరు నిమిషాలు ఆగుతోంది.

"ఆ నాలుగు నిమిషాలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో తెలియడం లేదు సార్. మీరు తేల్చి, తీసేయండి. రోజు మొత్తం మీద ఒక బస్సు మిగులుతుంది" అన్నాడు. మూడు వారాలు గడువు. పని నచ్చితే వారానికి మూడు రోజులు రావచ్చట. కిటికీ పక్క కుర్చీ కూడా చూపించాడు. నా కుర్చీయే అది.

పెట్టెలో లోపం ఉంటుందని నా అనుమానం. పదిహేడో నంబరు నా టైముపట్టికలన్నిటిలోకీ మేలైనది. డ్రైవర్లు ఎన్నింటికి చేరారో ట్రిప్పు కాగితంలో రాసి సంతకం పెడతారు. వేరే రూట్లలో ఒకటి అటూ ఇటూ అవుతుంది. పదిహేడులో పదకొండేళ్ళుగా ఒక్క నిమిషం తేడా లేదు. కాగితంలో నలభై ఐదు నిమిషాలంటే చేరడానికి నలభై ఐదే.

అయినా నాలుగు నిమిషాలు తీయడం నాకో లెక్కా. నేను ఉద్యోగంలో చేరినప్పుడు చివరి స్టాపుల్లో డ్రైవర్లకు ఎనిమిదేసి నిమిషాలు ఉండేవి. ఎనిమిదిని ఆరు చేశాను, ఆరుని నాలుగు, నాలుగుని రెండు. వెనకాల కత్తెర సారు అనుకునేవారు. ముందు కూడా అనేవారేమో, నేను పట్టించుకోలేదు.

మార్చి 12, బుధవారం, సాయంత్రం 4.22

పదిహేడో నంబరు ఎక్కాను. స్టేషన్ దగ్గర 11.08కి బయల్దేరింది. కిటికీ సీటు, చేతిలో ఆపి కొలిచే గడియారం. ఈ రూటులో నేను చివరిదాకా ఎప్పుడూ ప్రయాణం చేయలేదు. ఏ రూటులోనూ చేయలేదు. ఆఫీసులో కూర్చుంటే అన్నీ కనపడేవి.

చివరి స్టాపు మూతపడిన సబ్బుల ఫ్యాక్టరీ గోడ. ఎదురుగా ఒక కుళాయి, ఒక బెంచీ, పేరు తెలియని చెట్లు నాలుగు. జనం దిగిపోయారు. డ్రైవరు ఇంజను ఆపేసింది, నేను గడియారం నొక్కాను. ఆమెకు యాభై దాటి ఉంటాయి, పెద్దక్క అని పిలుస్తున్నారు. చెప్పులు విడిచి, కాళ్ళు చాపి, తువ్వాలు మొహం మీద వేసుకుంది.

ఇంజను ఆగాక కిటికీ అద్దాలు ఇంకాసేపు వణికి, ఊరుకున్నాయి. గాలిలో సబ్బు వాసన. ఫ్యాక్టరీ మూతపడి ఎన్నేళ్ళో అయింది, గోడలు ఇంకా వదల్లేదు. ఆకుల నీడ నా మోకాళ్ళ మీద కదులుతోంది. వెలుతురు ఎక్కువగా ఉందని కళ్ళు మూసుకున్నాను.

చూస్తే గడియారం యాభై ఒక్క నిమిషాలు చూపిస్తోంది. బస్సు మళ్ళీ స్టేషన్ దగ్గర ఉంది. గడియారం పాడైనట్టుంది.

మార్చి 13, గురువారం, సాయంత్రం 4.30

మళ్ళీ వెళ్ళాను. ఒక్క రోజు కొలత చాలదు. గడియారం మళ్ళీ అలాగే చేసింది.

మార్చి 14, శుక్రవారం, సాయంత్రం

గడియారాలు బాగుచేసే మనిషికి చూపించాను. ఏ లోపమూ లేదన్నాడు. అతనికి పని రాదు.

మార్చి 17, సోమవారం

కొలత సాగుతోంది.

మార్చి 18, మంగళవారం, సాయంత్రం 4.45

ఇవాళ పెద్దక్క మాట్లాడింది. బస్సు ఆగి, జనం దిగాక, వెనక్కి తిరిగి, "రోజూ వస్తున్నారు, ఇటువైపు బంధువులున్నారా సార్?" అంది.

"లేరమ్మా. పని మీద వస్తున్నాను."

"నిద్రపోవడం కూడా పనేనా సార్?"

"నేను నిద్రపోలేదు. కళ్ళు మూసుకున్నాను."

"నేనూ అంతే సార్, కళ్ళే మూసుకుంటాను. గురక మాత్రం మీ అంత బాగా రాదు."

కోపం వచ్చింది. కానీ ఆ ఎండలో, ఆ సబ్బు వాసనలో, కోపం ఎక్కువసేపు నిలబడలేదు. ఇక్కడ ఇంతసేపు బస్సు ఎందుకు ఆగుతోందని మామూలుగా అడిగినట్టు అడిగాను.

"ఆఫీసులో టైములు రాసే పెద్దాయన ఒకరుండేవారట సార్. మిగతా వాళ్ళందరికీ కోసేశారు గానీ, ఇంత దూరం ఎండలో తోలుకొస్తారు పాపం అని జాలిపడి మాకు మాత్రం నాలుగు నిమిషాలు ఉంచారట. ఎక్కడున్నారో ఏమో, చల్లగా ఉండాలి." ఆ మాట అని తువ్వాలు మొహం మీదికి లాక్కుంది. "ఈ నాలుగు నిమిషాలు లేకపోతే నా నడుం ఎప్పుడో పడిపోయేది."

ఆ పెద్దాయన నేనేనని చెప్పలేదు. చెబితే బాగుండదు. ఆ నాలుగు నిమిషాలు ఇచ్చినట్టు గుర్తులేదు గానీ, ఇచ్చే ఉంటాను. నాకు మాత్రం జాలి లేదా ఏమిటి.

ఇంటికి వస్తుంటే వీధిలో ఎవరో హారను మోగించారు. కోపం రాలేదు.

మార్చి 20, గురువారం, మధ్యాహ్నం 3.10

పాత కాగితాల పెట్టె దించాను. పదిహేడో నంబరు, పదకొండేళ్ళ నాటి పట్టిక. నా సంతకం.

అప్పట్లో రోడ్డు వెడల్పు చేసి పోస్టాఫీసు స్టాపును పెద్ద సిగ్నలు దాటించి అవతల అద్దాల కొట్టు ముందుకు మార్చారు. నేను కొత్త స్టాపు చేర్చాను. సిగ్నలు దాటాలి కాబట్టి దానికి నాలుగు నిమిషాలు వేశాను. పాత స్టాపు కొట్టేయలేదు. దాని పక్కన కూడా అదే సిగ్నలుకి నాలుగు నిమిషాలు అలాగే ఉన్నాయి.

ఒకే సిగ్నలును రెండుసార్లు దాటించాను. పదకొండేళ్ళుగా ఆ బస్సు, కాగితం మీద, లేని సిగ్నలు దగ్గర నాలుగు నిమిషాలు ఆగుతోంది.

జాలి కాదు. కూడిక తప్పు.

మార్చి 21, శుక్రవారం

ఇవాళ వెళ్ళలేదు. పటం కనపడకుండా కుర్చీ తిప్పి వేసుకున్నాను.

ట్రిప్పు కాగితాల సంగతి ఇప్పుడు ఆలోచించను.

మార్చి 22, శనివారం

నిద్ర లేదు. 4.40.

మార్చి 24, సోమవారం, మధ్యాహ్నం 2.50

పని సులువే. పోస్టాఫీసు గడి కొట్టేస్తే నాలుగు నిమిషాలు మాయమవుతాయి. తప్పు ఎవరిదో ఎవరూ అడగరు. పటం గోడ మీద ఉంటుంది, కుర్చీ కిటికీ పక్కన ఉంటుంది. సంతకం పెట్టడమే తరువాయి.

పెన్ను తీసుకున్నాను. సబ్బు వాసన గుర్తొచ్చింది. పెన్ను పెట్టేశాను. ఇలా నాలుగుసార్లు జరిగింది.

మా ఆవిడ కిటికీ దగ్గర ఉంది. ఇంకో కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. నా చెంప వైపు చూసి, "ఇవాళ గీత లేదే" అంది.

"ఏం గీత?"

"మొన్నటిదాకా సాయంత్రం వచ్చేటప్పటికి కుడి చెంప మీద ఒక గీత ఉండేది. బస్సు కిటికీకి ఉంటుంది చూడండి నల్ల రబ్బరు, దాని అచ్చు." చెంప తడుముకున్నాను. "హాయిగా పడుకుంటున్నారు కదా అని నేనేం అనలేదు" అంది.

నేనూ ఒకటి అడిగాను. "నువ్వు ఇలా ఎలా కూర్చోగలవు? అసలు ఏం చేస్తావు?"

"ఏం చేస్తానండీ, కూర్చుంటాను."

"అది కాదు. ఎలా వచ్చింది?"

ఆమె రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. "పెళ్ళైన కొత్తలో రెండింటికి వచ్చేస్తాను, కలిసి తిందాం అన్నారు. ఒక్కసారి అన్నారు. నేను రోజూ కూర్చునేదాన్ని. మీరు వచ్చేవారు కాదు. కొన్నాళ్ళకి ఎదురుచూడటం మానేశాను. కూర్చోవడం మిగిలింది" అంది. నిష్ఠూరం లేదు. రేపు వాన పడుతుందేమో అన్నట్టు చెప్పింది.

సిగ్గేసింది. ముప్పై ఎనిమిదేళ్ళు బద్ధకం అనుకున్నాను. రాని బస్సు కోసం ఈ ఇంట్లో ఎదురుచూసింది ఆమె ఒక్కతే.

అన్నీ చెప్పేశాను. సిగ్నలు, కూడిక, పెద్దక్క నడుం, కుర్చీ, పటం. విని, "మరి ఇప్పుడు ఏం చేస్తారు?" అంది.

తెలియదన్నాను. తెలియదని నేను అనగా వినడం ఇదే మొదటిసారేమో, తిరిగి చూసింది.

మార్చి 27, గురువారం, సాయంత్రం

నివేదిక ఇచ్చేశాను. నాలుగు పేజీలు.

మేనేజరు నడుస్తూ చదివాడు. మూడో పేజీ దగ్గర ఆగాడు. నిలబడి చదివాడు.

"ఇదంతా ఎందుకు రాశారు సార్? పాత లెక్క, ఎవరికి తెలుస్తుంది? గడి కొట్టేసి నాలుగు తీసేస్తే అయిపోయేది. మీ పేరుకు మచ్చ ఎందుకు?"

"తప్పు నాది. నిమిషాలది కాదు" అన్నాను.

చెప్పవలసింది గడగడా చెప్పేశాను. పదిహేడో నంబరు డ్రైవర్లు పదకొండేళ్ళలో ఒక్కరూ రూటు మార్చమని అడగలేదు. అనారోగ్యం సెలవులు అన్ని రూట్లలోకీ అక్కడే తక్కువ. ఒక్క ప్రమాదం లేదు. నా పట్టిక గొప్పతనం అనుకున్నాను, పట్టికలో ఉన్న తప్పు గొప్పతనం అది. సిగ్నలు గడి కొట్టేయండి, అది అబద్ధం. ఆ నాలుగు నిమిషాలకి వేరే గడి గీసి, వాటి పేరు వాటికి పెట్టండి.

"ఒక రూటుకి ఇస్తే మిగతా వాళ్ళు అడగరా సార్?"

"అడుగుతారు. అందుకే నాలుగో పేజీ రాశాను. అది మిగతా వాళ్ళకి."

ముప్పై ఎనిమిదేళ్ళలో నేను కోసిన నిమిషాలు మొత్తం ఎన్నో ఆ పేజీ కోసం లెక్క కట్టాను. ఆ సంఖ్య ఇక్కడ రాయను. చాలా పెద్దది.

"చూస్తాను సార్" అన్నాడు. కుర్చీ మాట ఎత్తలేదు. ఒక ఫోను మోగింది, తర్వాత రెండోది. నడక మొదలుపెట్టాడు. అతను ఎప్పుడు కూర్చుంటాడో అనిపించింది. నా ముప్పై ఏళ్ళ వయసులో నేనూ అలాగే నడిచేవాణ్ణి.

ఇంటికి వచ్చి పటం దించాను. మేకు ఊడి రాలేదు. ఉండనీ.

ఏప్రిల్ 3, గురువారం

కబురు లేదు. కొలవడానికేం లేకపోయినా ఇవాళ బస్సెక్కాను. గడియారం తీసుకెళ్ళలేదు.

సబ్బు గోడ దగ్గర ఇంజను ఆగింది. నిద్రో మెలకువో చెప్పలేను. బస్సు మళ్ళీ కదిలినట్టు, పోస్టాఫీసు స్టాపులో ఆగినట్టు. ఇప్పుడు లేని స్టాపు. ఎర్ర సిగ్నలు వెలుగుతోంది. ఎవరికీ తొందర లేదు. జనం ఎక్కుతున్నారు, అందరూ డ్రైవర్లే, నేను పేర్లు మరిచిపోయినవాళ్ళు, కొందరు ఇప్పుడు బతికి లేరు. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒక్కొక్కరూ చెప్పులు విడిచి సీట్లలో కూర్చున్నారు. చివరికి ఒక కుర్రాడు సంచీ భుజాన వేసుకుని మెట్టు మీద నిలబడ్డాడు. చేతి గడియారం చూసుకుంటున్నాడు, ఎక్కాలా వద్దా అని. ఎవరో నాకు తెలుసు, ఉద్యోగంలో చేరిన రోజు నా భుజాన ఉన్న సంచీయే అది. ఎక్కవోయ్, చోటుంది అన్నాను. సిగ్నలు ఎర్రగానే ఉంది. అతను గడియారం మీద చొక్కా చెయ్యి లాక్కుని లోపలికి వచ్చాడు.

కళ్ళు తెరిస్తే గోడ, కుళాయి, నాలుగు చెట్లు. పెద్దక్క స్టీరింగు మీద చెయ్యి వేసి నా వైపే చూస్తోంది. "పోనివ్వనా సార్?" అంది.

పోనిమ్మన్నాను.

ఏప్రిల్ 4

రాత్రి నిద్ర మొన్నటి కంటే బాగా పట్టింది. ఎంతసేపో చూడలేదు.

ఏప్రిల్ 10, గురువారం

మేనేజరు ఫోను. సిగ్నలు గడి కొట్టేశారు. చివరి స్టాపు దగ్గర కొత్త గడి గీశారు, ఆరు నెలల పాటు, పదిహేడో నంబరుకు మాత్రమే. మిగతా రూట్ల సంగతి ఆలోచిస్తారట. నాలుగో పేజీ మాత్రం సొరుగులో పెట్టుకున్నానని చెప్పాడు. "ఆ సంఖ్య చూశాక నాకూ నిద్ర పట్టలేదు సార్" అన్నాడు. పాపం.

కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చారు. బాధ కలిగింది. కలగలేదని రాస్తే అబద్ధం. మధ్యాహ్నం దాకా ఉంది, తర్వాత తగ్గింది.

ఏప్రిల్ 14, సోమవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

సబ్బు గోడ దగ్గర ఆగాక పెద్దక్క కొత్త పట్టిక తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. చివరి గడి మీద వేలు పెట్టి చూపించింది. "విశ్రాంతి - 4". ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ మాటకి నేనెప్పుడూ గడి గీయలేదు. అచ్చులో చూస్తే ఏదో కొత్త స్టాపు పేరులా ఉంది.

ఇక దాచలేకపోయాను. "అమ్మా, నువ్వు చెప్పిన ఆ పెద్దాయన నేనే. కానీ ఆ నాలుగు నిమిషాలు జాలిపడి ఇచ్చినవి కావు. కూడిక తప్పు. నాకు తెలియకుండా పడిపోయాయి. మీరంతా ఇన్నేళ్ళూ నన్ను ఊరికే మంచివాణ్ణి అనుకున్నారు" అన్నాను.

ఆమె తువ్వాలు మడతపెట్టుకుంటూ, "తెలుసు సార్" అంది.

"ఏం తెలుసు?"

"పొరపాటని. మొదటి ట్రిప్పుకే తెలిసిపోయింది. కత్తెర సారు కావాలని నాలుగు నిమిషాలు ఇచ్చారంటే మా డిపోలో చంటిపిల్లలు కూడా నమ్మరు సార్." నవ్వేసింది. "ఈ రూటుకి ఎవరు కొత్తగా వచ్చినా మొదట చెప్పే మాట ఒకటే. చేరిన టైము నిజం రాయకు. పట్టికలో ఎంతుందో అంతే రాయి. నిజం రాశావా, ఆయన చూస్తాడు. చూశాడా, కోసేస్తాడు."

పదకొండేళ్ళు. ఒక్క నిమిషం తేడా లేని ట్రిప్పు కాగితాలు. నా టైముపట్టికలన్నిటిలోకీ మేలైనది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మరి ఆ పెద్దాయన చల్లగా ఉండాలన్నావు?"

"మీ ఫోటో మా డిపోలో ఉంది సార్, ఎవరికీ కూర్చునే తీరిక లేని డ్రైవర్ల గదిలో. మీరు గడియారం పట్టుకుని ఎక్కిన రోజునే గుర్తుపట్టాను. కోయడానికే వచ్చారని తెలిసిపోయింది. తిడితే ఆగే మనిషి కాదు, బతిమాలితే ఆగే మనిషి కాదు అని మావాళ్ళు అన్నారు. మంచివారని చెప్పి చూద్దాం, ఆగితే ఆగుతారు అనుకున్నాం."

"ఎవరి ఆలోచన?"

"నాదే సార్." తువ్వాలు సీటు మీద పెట్టింది. "అసలైతే మొదటి రోజే మీతో గొడవ పెట్టుకుందామని వెనక్కి తిరిగాను. మీరు అప్పటికే పడుకున్నారు, నోరు తెరుచుకుని. ఈ నాలుగు నిమిషాలు మా అందరికంటే ఈయనకే ఎక్కువ అవసరంలా ఉందే అనిపించింది. లేపబుద్ధి కాలేదు. వెనక్కి వెళ్ళేటప్పుడు గుంతలు చూసుకుని మెల్లగా పోనిచ్చాను."

ఏడుపు వచ్చింది. వచ్చిందని రాయడానికి సిగ్గేమిటి, వచ్చింది. ఆమె మొహం తిప్పుకుని కుళాయి దగ్గరికి వెళ్ళి సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి ఇచ్చింది. నీళ్ళు కూడా కాస్త సబ్బు వాసన వేశాయి.

ఇవాళ బస్సు ఒక నిమిషం ఆలస్యంగా బయల్దేరింది. నా వల్లే.

ఏప్రిల్, ఆదివారమనుకుంటా

రెండింటికి ఇంట్లోనే ఉన్నాను. కలిసి తిన్నాం. ఆమె కిటికీ దగ్గరికి వెళ్తుంటే నా కుర్చీ కూడా పట్టుకెళ్ళాను. "మళ్ళీ ఏమైనా అడుగుతారా?" అంది అనుమానంగా. లేదన్నాను.

రోడ్డు మీద జనం, బళ్ళు, హారన్లు. పదిహేడో నంబరు ఒకటి వెళ్ళింది. ఆ బస్సుకి ఇంకెంతసేపట్లో సబ్బు గోడ వస్తుందో నాకు తెలుసు. లెక్క దానంతటదే మొదలై, ఎక్కడో అద్దాల కొట్టు దగ్గర తెగిపోయింది. మా ఆవిడ చేయి కుర్చీ చేతి మీద ఉంది. నేనూ నా చేయి పక్కన పెట్టాను. ఆమె రోడ్డు వైపే చూస్తోంది గానీ, చేయి కాస్త జరిపి చోటిచ్చింది.

ఈ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అక్కడే రాస్తున్నాను. పైన టైము వేయలేదు. గడియారం పక్క గదిలో ఉంది. లేచి వెళ్ళి చూడాలి.

లేవబుద్ధి కావడం లేదు.